టన్నంటే ఎంతరా అబ్బీ?

"టన్నంటే ఎంతరా అబ్బీ?"

మా అమ్మ ఈ ప్రశ్న వేసినప్పుడు నేను షాపువాళ్లిచ్చిన రంగురంగుల కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

"మన గదికి ఒక టన్ను ఏసీ సరిపోతుందంటమ్మా" అన్నాను.

"అది సరేలే. టన్నంటే లారీలకెత్తే లెక్క గదా. బొగ్గు టన్ను, సిమెంటు టన్ను. సల్లగాలిని ఎట్ల తూకమేస్తారు?"

నాకు జవాబు తెలియలేదు. తాడిపత్రిలో ఇరవై ఎనిమిదేళ్లు బ్యాంకులో పనిచేసినవాణ్ని. బండల పాలిష్ ఫ్యాక్టరీలకి అప్పులిచ్చి, వాటి మోటార్లు ఎన్ని హార్స్‌పవరో, లారీకి ఎన్ని అడుగుల బండలెక్కుతాయో కంఠతా పట్టినవాణ్ని. మూడో తరగతితో బడి మానేసిన అమ్మ అడిగినదానికి మాత్రం "ఏదో లెక్కలేమ్మా" అని తప్పించుకున్నాను. ఆ ప్రశ్నకి జవాబు అప్పుడే వెతుక్కుని ఉంటే, ఆ ఏడాది వేసవిలో సగం కష్టం తప్పేది.

జవాబు తర్వాత తెలిసింది. మంచుగడ్డల కాలం నాటి లెక్క అది. కరెంటు యంత్రాలు రాకముందు అమెరికాలో చలికాలం చెరువులు గడ్డకడితే, ఆ మంచుని రంపాలతో కోసి, రంపపుపొట్టు కప్పి ఓడల్లో దేశదేశాలకు పంపేవారు. 1833లో బోస్టన్ నుంచి కలకత్తాకి అట్లా ఓడ వచ్చింది. మద్రాసు సముద్రపొడ్డున ఐస్ హౌస్ అని గుండ్రటి భవనం ఉంది చూడండి, ఇప్పుడు వివేకానందుడి పేరుతో ఉన్నది... అది ఆ మంచు దాచడానికి కట్టిందే. తర్వాత చల్లబరిచే యంత్రాలొచ్చాయి. ఇవి ఎంత పని చేస్తాయని జనం అడిగితే, రోజుకి ఎంత మంచు కరిగినంత పని చేస్తాయో చెప్పాల్సి వచ్చింది. ఒక అమెరికన్ టన్ను, అంటే మన లెక్కలో దాదాపు 907 కిలోల మంచుగడ్డ ఇరవై నాలుగు గంటల్లో కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని ఎంత పీల్చుకుంటుందో, అంత వేడిని గదిలోంచి లాగి బయట పోసేది ఒక టన్ను ఏసీ. వాట్లలో అయితే మూడున్నర వేలు.

అంటే అమ్మ అడిగింది అక్షరాలా సరైన ప్రశ్నే. కాకపోతే తూకమేసేది చల్లగాలిని కాదు, గదిలోంచి బయటికి పోయే వేడిని. ఈ చిన్న తేడా బుర్రకెక్కడానికి నాకు నెలపైన పట్టింది.

* * *

మా ఇంట్లో ఏసీ సరదాకి రాలేదు. 2024లో ఉగాది వెళ్లిన వారానికి, ఒకరోజు సాయంత్రం ఆరు గంటలప్పుడు అమ్మ మంచం మీద నుంచి లేవబోయి, లేవలేక, గోడకి జారగిలబడిపోయింది. ఆమెకప్పుడు డెబ్భై తొమ్మిది. నాలుక తడబడుతోంది. మా ఆవిడని చూసి, ఎప్పుడో పోయిన మా మేనత్త పేరుతో పిలిచింది. పక్షవాతమేమో అనుకుని ఆటోలో వేసుకుని పరిగెత్తాం.

వడదెబ్బన్నారు. ఒంట్లో ఉప్పు బాగా తగ్గిపోయిందన్నారు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. "ఎండలోకి పంపించారా?" అని డాక్టరమ్మ గట్టిగా అడిగింది. అమ్మ ఆ వారమంతా గడప దాటలేదు. పగలంతా తన గదిలోనే పడుకుంది.

"ఆ గది పైన ఏముంది?" అని అడిగిందామె.

"ఏమీ లేదు మేడమ్, మిద్దె."

"రాత్రిళ్లు చల్లబడుతుందా?"

నేను ఆలోచనలో పడ్డాను. మేం ముందు వసారాలో పడుకుంటాం. అమ్మ గదిలో రాత్రి ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ఫ్యానుంది, అది తిరుగుతుందని మాత్రం తెలుసు.

అప్పుడు ఆ డాక్టరమ్మ చెప్పిన మాట నేను మరిచిపోలేదు. పగటి ఎండ ఒక్కటే కాదు, పెద్దవాళ్లని రాత్రి వేడి కూడా తీసుకుపోతుందంది. పగలు అలిసిన ఒళ్లు రాత్రి తేరుకోవాలి. గది చల్లబడకపోతే తేరుకోదు. మర్నాడు ఎండ మళ్లీ మొదలవుతుంది. నాలుగైదు రోజులు అట్లా గడిస్తే గుండెకీ మూత్రపిండాలకీ ఓపిక అయిపోతుంది. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడగాడ్పులకి రెండు వేల మందికి పైగా పోయారని పేపర్లలో చదివినప్పుడు వాళ్లంతా ఎండలో పనిచేసేవాళ్లే అనుకున్నాను. నీడపట్టున, ఇంట్లో మంచం మీద కూడా వడదెబ్బ తగులుతుందని తెలిసింది మా అమ్మ గోడకి జారిన రోజునే.

"కూలర్ చాలదా?" అని మీరడగొచ్చు. అనంతపురం సీమలో కూలర్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన మాది. ఏప్రిల్, మే నెలల్లో గాలి పేలపిండిలా పొడిగా ఉంటుంది. తడిసిన గడ్డి తడికలోంచి ఆ గాలి వస్తే నిజంగానే చల్లబడుతుంది. విజయవాడలో, నెల్లూరులో కూలర్ పెట్టుకుంటే ఒళ్లంతా జిగట. మాకు ఆ బాధ లేదు. అయితే కూలర్‌కి రెండు కావాలి: బయటి గాలి ఆడే కిటికీ, రోజుకి నాలుగైదు బకెట్ల నీళ్లు. అమ్మ గది కిటికీ పక్కింటి సందులోకి తెరుచుకుంటుంది. నీళ్ల సంగతి... మా వీధికి రోజు మార్చి రోజు వచ్చే నీళ్లతో కూలర్ నింపితే కడవలు నిండవు. ఉన్న పాత కూలర్ తుప్పుపట్టి, రెండేళ్లుగా మూల కూర్చుంది.

అట్లా షాపుకి వెళ్లాను.

* * *

"గది ఎంత సార్?"

"పదకొండు, పన్నెండు."

షాపాయన గాల్లో వేలితో గుణించాడు. "నూటా ముప్పై రెండడుగులు. ఒక టన్ను లైట్‌గా సరిపోతాది సార్. ఒకటిన్నర టన్ను దండగ. కరెంటు బిల్లు కట్టలేక మళ్లీ నన్నే తిడతారు."

ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. నూటిరవై, నూటా ముప్పై చదరపుటడుగులకి ఒక టన్ను, నూట ఎనభై దాకా ఒకటిన్నర, ఆపైన రెండు అనేది ఏ ఊరి షాపులోనైనా వినబడే లెక్కే. కాకపోతే పైన ఇంకో అంతస్తు ఉందా అని ఆయన అడగలేదు, ఎండ ఏ గోడకి కొడుతుందని అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్పాలని తెలిస్తే కదా! నెలనెలా కంతులు రాయించుకుని, ఐదు నక్షత్రాల ఒక టన్ను పెట్టెని ఇంటికి తెచ్చుకున్నాను. (2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీని 28 శాతం నుంచి 18కి తగ్గించారు. మనం కొనేసిన తర్వాతే ఏదైనా తగ్గుతుంది.)

బిగించడానికొచ్చిన కుర్రాళ్లు బయటి పెట్టెని మూడడుగుల సందులో, పడమటి గోడకి తగిలించారు. పైపు తక్కువ పడుతుందన్నారు. డబ్బు మిగిలిందని నేనూ సంతోషించాను.

మొదటి రాత్రి ఇంటిల్లిపాదీ అమ్మ గదిలో చేరాం. రిమోట్ నొక్కగానే 24 అని చూపించింది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలన్నీ అట్లా 24 దగ్గరే మొదలవ్వాలని నియమం పెట్టారట. 24 ఏమిటి, అమ్మకి ఇంకా చల్లగా ఉండాలని నేను 18కి దించాను. గంటైంది. చల్లగాలి ముఖానికి తగులుతోంది గానీ గది చల్లబడిన భావన లేదు. గోడ మీద పదో తరగతి చదివే మా వాడి ప్రయోగశాల థర్మామీటరు వేలాడదీశాం. తొమ్మిదింటికి 31. పదకొండింటికి 30. బయటి పెట్టె మాత్రం ఆగకుండా రొద చేస్తూనే ఉంది.

వారం రోజులు ఇదే వరస. షాపుకి ఫోన్ చేస్తే కుర్రాడొచ్చి, జాలీ కడిగి, గ్యాస్ చూసి, "మిషన్ బాగుంది సార్" అని వెళ్లిపోయాడు. మిషన్ బాగుంది, బిల్లు బాగా వస్తుంది, గది మాత్రం బాగాలేదు. ఎనిమిదో రోజు రాత్రి అమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని, శ్లాబు వైపు చూస్తూ ఒక మాటంది.

"ఏంలేదురా, పైన పొయ్యి మండుతాండాది. కింద ఇసనకర్ర ఇసుర్తాండావు."

ఆ మాట కూడా నేను పట్టించుకోలేదు. రెండు టన్నులది తెద్దామా, దీన్ని వాపసు తీసుకుంటారా అని లెక్కలు వేస్తున్నాను.

* * *

మా అక్క కొడుకు బెంగళూరులో పెద్ద పెద్ద ఆఫీసు భవనాలకి ఏసీలు బిగించే కంపెనీలో పనిచేస్తాడు. మే 13న ఓటెయ్యడానికని రెండు రోజుల ముందే ఊరికొచ్చాడు. అవ్వని చూడటానికొచ్చినవాణ్ని పట్టుకుని నా గోడు వెళ్లబోసుకున్నాను.

వాడు ఏసీ వైపు చూడను కూడా లేదు. "మిద్దె మీదికి పోదాం పా మామా" అన్నాడు.

సాయంత్రం నాలుగున్నర. చెప్పులు కింద వదిలేసి మెట్లెక్కిన నేను రెండో అడుగు వెయ్యలేక వెనక్కి దూకాను. వాడు నవ్వలేదు. కూర్చుని బండ మీద అరచెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు.

"మామా, ఇవి ఎవరు పరిపించినారు?"

నేనే. ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

తాడిపత్రి అంటే బండల ఊరు. మా నాపరాళ్లు ఎక్కడెక్కడి ఇళ్లలోనో నేలలయ్యాయి. ఊళ్లో బండ చవక, బండ గొప్ప. నేలకి బండ, అరుగుకి బండ, అలమరకి బండ. 1996లో నేను ఇల్లు కట్టినప్పుడు అయిదంగుళాల కాంక్రీటు శ్లాబు పోయించి, వాన కారకూడదని దాని మీద కూడా బండలు పరిపించాను. మంచి నలుపు, ఎక్కడా మచ్చలేని రాయి. అప్పిచ్చిన ఫ్యాక్టరీ ఆయనే దగ్గరుండి ఏరి పంపించాడు. మిద్దెకి బండలు పరిచిన మొదటి ఇల్లు మా వీధిలో మాదేనని చాలాకాలం చెప్పుకున్నాను. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఎండ తాగి, చీకటి పడ్డాక ఆ వేడిని కిందికి కక్కే నల్లరాతిని డబ్బిచ్చి మరీ నెత్తిన పెట్టుకున్నానన్నమాట.

వాడు కిందికొచ్చి, బల్ల మీదున్న పెళ్లిపత్రిక వెనక్కి తిప్పి లెక్క మొదలుపెట్టాడు. అవ్వకి అర్థం కావాలని రూపాయి, పైసల్లో చెప్పాడు.

"అవ్వా, ఒక టన్నుని ఒక రూపాయి అనుకో. ఈ గదిలోకి ఎంత వేడి వస్తాందో సూద్దాం. మధ్యాహ్నం ఎండకి నల్లబండ అరవై డిగ్రీలు దాటిపోతాది. గదిలో నీకు 26 కావాల. ఈ కప్పు గుండా వచ్చే వేడి ఒక్కటే నలభై అయిదు పైసలు."

"అబ్బో!" అంది అమ్మ.

"పడమటి గోడ పదిహేను. మిగతా గోడలు, తలుపు కలిసి ఇంకో పదిహేను. కిటికీ అద్దం, సందుల్లో దూరే గాలి పది పైసలు. నువ్వు, నీ పక్కన పడుకునే అత్త, ఫ్యాను, లైటు... మీదింకో పది. మొత్తం తొంభై అయిదు పైసలు."

"మరి రూపాయి ఏసీ ఉంది కదా! ఇంకా అయిదు పైసలు మిగలాలి" అన్నాను, తప్పు దొరికిందన్న ఉత్సాహంతో.

వాడు లేచి, ఏసీకి అంటించిన నక్షత్రాల కాగితం చూపించాడు. ఆ కాగితం మీద సామర్థ్యమని వేసే అంకె బయట 35 డిగ్రీలు, లోపల 27 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచిందట. మన దేశపు ప్రమాణమే అది. బయటి వేడి పెరిగేకొద్దీ ఏసీ బలం తగ్గుతుంది. "మన ఊళ్లో మే నెల మధ్యాహ్నం 35 ఎప్పుడన్నా సూసినావా మామా? 43 దగ్గర ఈ రూపాయి తొంభై పైసలకి కూడా రాదు. అది కూడా బయటి పెట్టెకి గాలి ఆడితే. నువ్వు దాన్ని సందులో ఇరికించినావు. అది వదిలిన వేడిగాలి ఎదురుగోడకి కొట్టి మళ్లా దాంట్లోకే పోతాంది. తన చెమట తనే తాగినట్ల."

పెట్టె మీద '48 డిగ్రీల ఎండలోనూ పనిచేస్తుంది' అని రాసి ఉందని నేను వాదించాను. పనిచేస్తుందంటే ఆగిపోదని అర్థం, పూర్తి బలంతో చల్లబరుస్తుందని కాదన్నాడు. పైగా, పగలంతా మూసిపెట్టిన గదిలో గోడలు, మంచం, పరుపు తాగిన వేడి వేరే ఉంటుంది. అది తన లెక్కలో వెయ్యనే లేదట.

"సరే, అయితే రెండు టన్నులది తెచ్చేస్తాను" అన్నాను.

"వద్దు" అన్నాడు వాడు, అంతే తేలిగ్గా.

ఎందుకు వద్దో చెప్పినదాంట్లో నాకర్థమైంది ఇది. మరీ పెద్ద ఏసీ పెడితే గాలి అయిదు నిమిషాల్లో చల్లబడిపోతుంది. యంత్రం ఆగిపోతుంది. శ్లాబు మాత్రం అట్లాగే కాలుతూ ఉంటుంది. మళ్లీ వేడెక్కుతుంది, మళ్లీ మొదలవుతుంది. ఒళ్లంతా ఒక్కసారి వణుకు, ఒక్కసారి ఉడుకు. కోస్తా ఊళ్లలో అయితే ఇంకో నష్టం. అక్కడ ఏసీ శ్రమలో పావు వంతు దాకా గాల్లో తడి పిండటానికే పోతుంది. గబుక్కున ఆగిపోయే పెద్ద ఏసీ ఆ తడిని పిండలేదు. గది చల్లగానూ ఉంటుంది, చెమ్మగానూ ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీలు వేగం తగ్గించుకుని తిరుగుతాయి కాబట్టి ఈ ఇబ్బంది కొంత తక్కువే. అయినా ఇంట్లో పాత వైరింగు, వేసవి సాయంత్రాలు దిగజారే వోల్టేజీ, వాడేకొద్దీ యూనిట్ రేటు పెరిగే కరెంటు బిల్లు... వీటికి ఇన్వర్టరేం చెయ్యగలదు? మా ఆవిడ అప్పటిదాకా మాట్లాడలేదు. "నెత్తి మీది శ్లాబూ మనదే, బిల్లులో శ్లాబూ మనదే" అని గొణిగింది.

"ఈ గదికి ఇప్పుడున్నదున్నట్టు అయితే ఒకటిన్నర టన్ను కావాల. అది నిజం. షాపులో నన్నడిగి ఉంటే అదే చెప్పేవాణ్ని" అన్నాడు మేనల్లుడు. "కానీ ఆ నలభై అయిదు పైసలు సగానికి తగ్గిస్తే నీ ఒక టన్నే ఎక్కువ. మామా, ముందు గదికి గొడుగు పట్టు."

* * *

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం వేడి కాదు.

1996కి ముందు అదే చోట మా పాత ఇల్లుండేది. మట్టి మిద్దె. దూలాలు, దంతెలు, వాటి మీద పరిచిన బండలు, బండల మీద జానెడు మందాన మట్టి, ఆపైన చౌడు. గోడలు రెండడుగుల మందం. మధ్యలో గవాచి. పగలు వెలుతురు దానిలోంచి స్తంభంలా దిగేది. రాత్రి లోపలి వేడిగాలి దానిలోంచే పైకి పోయేది. మే నెల మధ్యాహ్నం బయట కాకులు కూడా అరవని వేళ లోపల నాపరాతి నేల మీద ఒట్టి వీపుతో పడుకుంటే ఒళ్లు చల్లబడేది. ఇంట్లో కుదురుగా ఉండని పిల్లలం పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి మండపంలోకి చేరేవాళ్లం. అక్కడా అంతే. బయట కాళ్లు కాలుతుంటే లోపల స్తంభానికి చెంప ఆనిస్తే చల్లన. గుడి రాయి చల్లగా, నా మిద్దె రాయి నిప్పులా ఎందుకుందో నాకు ఆ రాత్రి తోచింది. మందంలో ఉంది సంగతి. అడుగుల మందాన ఉన్న రాయి, మట్టి లోపలికి ఎండ చేరేలోపే పొద్దు గుంకుతుంది. అయిదంగుళాల శ్లాబు, దాని మీద అంగుళం మందం బండ ఎంతసేపాపుతాయి?

మట్టి మిద్దెని మరీ పొగడను. వాన పడితే ఎక్కడో ఒకచోట కారేది. దంతెల సందుల్లోంచి అన్నంలో మట్టి రాలేది. తేళ్లు ఉండేవి. ఒకసారి మా అక్కని కుట్టింది కూడా. ఏటా వానలకి ముందు నాయన చౌడు తోలించి, మిద్దెక్కి, చదును చేసి, తొక్కించేవాడు. అరవై దాటాక కూడా ఆయనే ఎక్కేవాడు. నేను బ్యాంకు ఉద్యోగస్తుణ్ని. స్నేహితులంతా శ్లాబు ఇళ్లు కట్టుకుంటుంటే మట్టి మిద్దెలో ఉండటం నామోషీ అనిపించింది. లోను తీసుకుని పడగొట్టించాను. నాయన ఏమీ అనలేదు. దూలాలు లెక్కపెట్టి అమ్మి, ఆ డబ్బు నా చేతిలో పెట్టాడు. అమ్మ మాత్రం, "వంటింట్లో, ఎనక రూములో గవాచి పెట్టియ్యిరా, రాత్రిళ్లు ఉబ్బరంగా ఉంటాది" అని మేస్త్రీ ముందే అడిగింది. శ్లాబుకి బొక్క పెడితే నీళ్లు కారతాయమ్మా అని మేస్త్రీ నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ వెనక గదే అమ్మ గది. నాయన పోయాక ఆమె ఒక్కతే అందులో పడుకుంటోంది. ఇన్ని వేసవుల్లో ఒక్కసారి కూడా వేడిగా ఉందని అనలేదు. తెల్లారుజామున లేచి కొంగు తడిపి మెడకి చుట్టుకునేదని మా ఆవిడ చెబితే తెలిసింది. ఆవిడకి ఎప్పటినుంచో తెలుసట. "మీకు చెప్పొద్దంది అత్త" అంది.

* * *

ఓట్లయిన మూడో రోజు సున్నం తెప్పించాం. మా మేనల్లుడు వెళ్తూ వెళ్తూ రెండు దారులు చెప్పాడు. ఎండని తిప్పికొట్టే తెల్ల పూతలు డబ్బాల్లో అమ్ముతారు. ఖర్చెక్కువ, కొన్నేళ్లుంటాయి. సున్నంలో జిగురు కలిపి పూసుకుంటే చవక, ఏటేటా పూసుకోవాలి. ఇవేమీ వింత పనులు కావు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి కప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. నేను సున్నానికే ఓటేశాను. ఏసీ కంతులు ఇంకా కట్టాలి కదా!

కూలికొచ్చిన ఇద్దరూ మిద్దెక్కి ఆ నల్లబండలు చూసి, "ఇంత మంచి రాయికి సున్నం పూస్తారా సార్?" అని బాధపడ్డారు. నాకూ గుండె కలుక్కుమంది. ఆలోచిస్తే తమాషాగానే ఉంది. మా నాపరాయి సున్నపురాయే. కాల్చి నీళ్లు పోస్తే తెల్లసున్నం, కోసి పరిస్తే నల్లబండ. రాతిని రాతితోనే కప్పుతున్నాం.

మొదటి చుట్టు వేసిన రాత్రి జల్లు పడి కొంత కారిపోయింది. రెండు రోజులాగి మళ్లీ పూశారు. మొత్తం మూడు చుట్లు. ఎండలో చూస్తే కళ్లు చెదిరేంత తెలుపు. పడమటి గోడకి వెదురు తడిక కట్టించాను. కిటికీ అద్దానికి లోపల కర్టెన్ ఉంది. ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక కర్టెనేం చేస్తుందని మేనల్లుడన్నాడు కాబట్టి బయటకూడా ఒక చాప దించాం.

ఆ సాయంత్రం నాలుగున్నరకి మళ్లీ చెప్పుల్లేకుండా మిద్దెక్కాను. వేడిగానే ఉంది గానీ నిలబడగలిగాను. ఆ చివర నుంచి ఈ చివరకి నడిచాను కూడా. కింద అమ్మ గదిలో స్టూలెక్కి శ్లాబుకి చెయ్యి ఆనించాను. అంతకు ముందు చపాతీ పెనం దించి కాసేపటికి ముట్టుకున్నట్టు ఉండేది. ఇప్పుడు గోరువెచ్చన. రాత్రి తొమ్మిదిన్నరకి మా వాడి థర్మామీటరు 27 చూపించింది. ఏసీ 18లో లేదు, 25లో ఉంది. పైన ఫ్యాను చిన్నగా తిరుగుతోంది. పదింటికి బయటి పెట్టె రొద తగ్గింది. ఏదో చెడిపోయిందని మా ఆవిడ కంగారుపడింది. చెడిపోలేదు, దానికి తీరిక దొరికింది.

ఇంకో పని మిగిలి ఉంది. అది అమ్మ చెబితే తెలిసింది.

సందు అవతల రేకుల ఇల్లుంది. బండల ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి, ఆమె మొగుడు, ఇద్దరు పిల్లలు. వాళ్లకున్న ఒక్క కిటికీ ఆ సందులోకే. మా ఏసీ వదిలే వేడంతా నెల రోజులుగా ఆ కిటికీలోకి కొడుతోంది. ఆ అమ్మాయి రాత్రిళ్లు కిటికీ మూసుకుని పడుకుంటోందని, పిల్లలకి చెమటకాయలు పేలాయని, అవ్వ ఆరోగ్యం కోసం పెట్టుకున్నారని నోరు మెదపలేదని అమ్మ ఎట్లా పసిగట్టిందో!

"నా గదిలో ఉడుకు తీసి ఆ పిల్లోళ్ల నెత్తిన పోస్తాండావా?" అంది. చిన్నప్పుడు పక్కింటి జామచెట్టెక్కినప్పుడు అడిగిన గొంతే.

బయటి పెట్టెని ఉత్తరపు గోడకి, మనిషెత్తుకి పైన, ఖాళీ స్థలం వైపు మార్పించాను. పైపు పొడుగు పడింది, గ్యాసు మళ్లీ ఎక్కించారు, సందులో పెట్టినప్పుడు మిగిలిందనుకున్న డబ్బుకి మూడింతలు పోయింది. గాలి ధారాళంగా ఆడే చోటు కాబట్టి ఏసీ ఇంకాస్త బాగా పనిచేయడం మొదలుపెట్టింది. మేనల్లుడు ఫోన్లో విని, "అది మొదటి రోజే చెప్పినా కదా మామా" అన్నాడు. నిజమే, చెప్పాడు.

అమ్మకి ఏసీ అంటే ఇప్పటికీ పూర్తి నమ్మకం లేదు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చిందంటే రిమోట్ నొక్కి ఆపేసి, సందువైపు కిటికీ తెరుస్తుంది. తలుపులన్నీ బిగించుకుని పడుకుంటే పెట్టెలో ఉన్నట్టు ఉంటుందట. ఆ వేళకి బయటి గాలి కూడా కాస్త తిరుగుతుంది కాబట్టి నేను అడ్డు చెప్పను. ఆ వేసవిలో గానీ, మరుసటి వేసవిలో గానీ మళ్లీ ఆసుపత్రికి వెళ్లే అవసరం రాలేదు.

వానలకి సున్నం కొంత వెలిసిపోయింది. 2025 మార్చిలో మళ్లీ పూయించాలంటే, ఏటా ఈ ఖర్చేమిటని నేను విసుక్కున్నాను.

"మీ నాయన ఏటేటా చౌడెయ్యలా?" అంది అమ్మ.

ఈసారి కూలికి ఒక్కణ్నే పిలిచి, రెండో మనిషిగా నేనే చీపురుకట్ట పట్టుకుని మిద్దెక్కాను. సాయంత్రానికి నడుం పట్టేసింది. పని అయ్యాక డ్రమ్ములో పావు వంతు సున్నం మిగిలింది. సందు అవతలి అమ్మాయి గోడ దగ్గర నిలబడి, "అన్నా, అది పారేస్తారా?" అని అడిగింది. రేకుల మీద పూసుకుంటుందట.

నేను జవాబు చెప్పేలోపే గదిలోంచి అమ్మ గొంతు వినబడింది.

"ఒక సుట్టు పూస్తే నిలవదమ్మే. మూడు సుట్లెయ్యాల. చాలకపోతే మావాడు ఇంకో మూట తెచ్చిస్తాడు."